దగ్గు దాచొద్దన్న మేడమ్

మా వార్డెన్ మేడమ్ పోయారు. పోయిన గురువారం పొద్దున, తెనాలిలో నేను పాఠాలు చెప్పే జూనియర్ కాలేజీలో మొదటి పీరియడ్‌కి బయల్దేరుతుంటే బాపట్ల నుంచి ఆవిడ చెల్లెలు ఫోన్ చేసింది. రాత్రి బాగానే అన్నం తిన్నారట. పొద్దున కాఫీ తీసుకెళ్ళి లేపితే లేవలేదట. "అక్క ఇక లేదమ్మా" అంది. ఆ వెంటనే, ఏ రైలుకి వస్తావు, స్టేషన్‌కి ఎవరినైనా పంపమంటావా అని అడిగింది. ఆ అక్కచెల్లెళ్ళిద్దరూ అంతే. ఎంత దుఃఖంలో ఉన్నా ఎదుటి మనిషి ఎలా వస్తుంది, ఏం తింటుంది అన్నదే ముందు.

రైల్లో కూర్చున్నాను గాని చుండూరు ఎప్పుడు దాటిందో, నిడుబ్రోలు ఎప్పుడొచ్చిందో తెలియలేదు.

ఆవిడ గురించి పెద్ద మాటలు చెప్పడానికి ఏమీ లేదు. అవార్డులు రాలేదు. పేపర్లో ఫోటో పడలేదు. చాలా ఏళ్ళ కిందట మా హాస్టల్లో ఒక జబ్బు వచ్చింది. అది పాకకుండా ఆపాలని ఆవిడ ఒక్కరే తిరిగారు. కొంత ఆపారు. మొత్తం ఆపలేకపోయారు. ఆపలేకపోయినదాని గురించే చివరిదాకా కుమిలిపోయారు. ఆవిడ కాపాడుకున్నవాళ్ళలో నేనొకదాన్ని. అందుకే ఇది రాస్తున్నాను. ఇంకొకరైతే ఇంకా బాగా రాసేవారేమో గాని, ఆ ఇంకొకరు ఇప్పుడు లేరు.

బాపట్లలో మేం చదివిన ఆడపిల్లల కాలేజీలో మేడమ్ కామర్స్ చెప్పేవారు. హాస్టల్ చూసుకునే పని ఎవరూ ఒప్పుకోకపోతే ఆవిడ నెత్తిన పెట్టారు. పెళ్ళి చేసుకోలేదు, ఇంట్లో పిల్లాజెల్లా లేరు, చేస్తే ఏం పోయిందని అనుకున్నారట. ఆవిడ మాత్రం ఇష్టంగా ఏమీ చెయ్యలేదు. రోజూ విసుక్కునేవారు. గంజి పెట్టిన చీరాల చీర కట్టుకుని, చేతిలో గొడుగు పట్టుకుని, ఎండ ఉన్నా లేకపోయినా ఆ గొడుగుతోనే వరండాలో తిరుగుతూ, తడి బట్టలు మంచాల మీద ఆరేసినవాళ్ళనీ అన్నం పారేసినవాళ్ళనీ వరసపెట్టి తిట్టేవారు. తిట్టిన పిల్లనే పిలిచి, జడ సరిగ్గా లేదని విప్పి మళ్ళీ వేసేవారు. జడ వేసినంతసేపూ తిట్టేవారు.

మా గది మేడ మీద. ఎనిమిది మంచాలు. రోడ్డు వైపు కిటికీలకి మేకులు కొట్టేశారు, కుర్రాళ్ళు ఈలలు వేస్తున్నారని. రెండోవైపు కిటికీలు దోమలకి భయపడి మేమే మూసుకునేవాళ్ళం. పొద్దున మేడమ్ వచ్చి గొడుగు కొసతో ఒక్కొక్క రెక్కా నెట్టి, "నిన్నటి గాలే పీలుస్తున్నారు మీరు. ఇవాళ్టిది కాస్త రానివ్వండి" అనేవారు. ఆవిడ మెట్లు దిగేలోపు మళ్ళీ మూసేసేవాళ్ళం.

నా పక్క మంచం రేపల్లె పిల్లది. వాళ్ళకి రేపల్లెలో ఎరువుల కొట్టు ఉండేది, చుట్టుపక్కల కాస్త పొలం కూడా. ఇంటి నుంచి తెచ్చిన రొయ్యల పచ్చడి సీసా మంచం కింద దాచి నాకొక్కదానికే పెట్టేది. ఒకే గ్లాసులో మంచినీళ్ళు తాగేవాళ్ళం, చలేస్తే ఒకే దుప్పటి. తను పాఠం పైకి చదివితేగాని నాకు ఎక్కేది కాదు, నేను లెక్క చేసి చూపిస్తేగాని తనకి అర్థమయ్యేది కాదు. ఆ ఏడాది చలికాలంలో ఇద్దరం దగ్గాం. ఎవరు ముందు దగ్గారో నాకు నిజంగా గుర్తులేదు. ఎన్నోసార్లు గుర్తు తెచ్చుకోబోయాను.

హాస్టల్లో దగ్గని వాళ్ళెవరు? ఎదురు షాపులో దగ్గు మందు కొనుక్కుని తాగేవాళ్ళం. జ్వరం అని తెలిస్తే ఇంటికి పంపేసేవారు. ఇంటికి వెళితే హాజరు తగ్గిపోతుంది, పరీక్షకి కూర్చోనివ్వరు. అందుకని సాయంత్రంపూట ఒళ్ళు వెచ్చబడితే మొహం కడుక్కుని పౌడరు రాసుకుని కూర్చునేవాళ్ళం. నా జాకెట్లు వదులైపోయాయి. ఒక పొద్దున కుళాయి దగ్గర పళ్ళు తోముకుంటూ దగ్గితే తొట్టిలో రక్తం పడింది. పక్కనే ఉన్న రేపల్లె పిల్ల చెంబుతో నీళ్ళు పోసి కడిగేసింది. ఎవరికీ చెప్పకే, పరీక్షలయ్యాక చూపించుకుందువుగాని అంది. సరేనన్నాను. తను నా మంచికే చెప్పింది. నేనూ తన స్థానంలో ఉంటే అదే చెప్పేదాన్ని.

మేడమ్ క్లాసులోనే పట్టేశారు. బెల్ కొట్టాక అందరినీ పంపించి నన్ను ఉండమన్నారు. ఎన్నాళ్ళ నుంచి దగ్గుతున్నావని అడిగారు. రెండ్రోజులే మేడమ్ అన్నాను. ఆవిడ కుర్చీ నా వైపు జరిపి, "అబద్ధం ఆడితే ఆడావు, కూర్చుని ఆడు. నిలబడే ఓపిక లేదు నీకు" అన్నారు. కూర్చున్నాక ఏడుపొచ్చింది. ఏడుపులో అన్నీ చెప్పేశాను. తర్వాతి క్లాసు వదిలేసి ఆవిడ నన్ను ఆటోలో పెద్దాసుపత్రికి తీసుకెళ్ళారు. ఆటోలో కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకున్నారు. నేను చూడటం చూసి, కొంగు తియ్యకుండానే అన్నారు: "నాకు భయంగానే ఉందమ్మాయ్. లేదని నటించను. నువ్వూ ఏమీ లేదని నటించకు."

ఛాతీ ఫోటో తీశారు, తెమడ పరీక్ష చేశారు. టీబీ అన్నారు.

మందులు నెలల తరబడి వాడాలి, మానకుండా వాడితే తగ్గిపోతుంది, మొదటి కొన్ని వారాలు మూసిన గదిలో నలుగురితో పడుకోకూడదు అని డాక్టరు చెప్పాడు. ఆ గదిలో ఉన్న పిల్లలందరినీ, దగ్గుతున్నవాళ్ళని మరీ ముందుగా, తీసుకొచ్చి చూపించమని మేడమ్‌కి చెప్పాడు. ఆవిడ ప్రతి మాటకీ తలూపి, అర్థం కానివి మళ్ళీ అడిగారు. డెబిట్లూ క్రెడిట్లూ చెప్పుకునేదాన్ని, నాకు ఊపిరితిత్తులు ఎక్కడుంటాయో కూడా సరిగ్గా తెలియదు డాక్టర్ గారూ, ఇంకోసారి చెప్పండి అన్నారు.

కాలేజీలో మాత్రం ఇంకో మాట అన్నారు. కామెర్లు అని చెప్పి ఆ పిల్లని ఇంటికి పంపేయండి, విషయం బయటికి పొక్కితే వచ్చే ఏడాది ఒక్క అడ్మిషన్ కూడా రాదు అని ప్రిన్సిపల్ గారు, ఆయన వెనకున్న పెద్దలు అన్నారట. నిజం చెప్పొద్దూ, నాకూ అదే కావాలి. తెనాలి నుంచి వచ్చిన మా నాన్నకీ అదే కావాలి. కామెర్లంటే ఎవరూ ఏమీ అనరు. టీబీ అంటే జన్మంతా అంటారు.

నా పెట్టె సర్దుతుంటే మేడమ్ వచ్చి మంచం మీద కూర్చున్నారు. మధ్యాహ్నం భోజనాల దగ్గర పిల్లలందరికీ చెప్పబోతున్నానన్నారు. నేను కింద కూర్చుని ఆవిడ కాళ్ళు పట్టుకున్నాను.

"కామెర్లనే చెప్పండి మేడమ్."

"కామెర్లంటే వీళ్ళు చెరుకురసం తాగి పడుకుంటారు. ఒక్కతి కూడా ఆసుపత్రికి రాదు."

"మరి నా బతుకేం కావాలి?"

"నీ బతుక్కి మందుంది. అది నేను చూసుకుంటాను. ఈ గదిలో ఇంకా ఏడుగురున్నారు. వాళ్ళకి చెప్పకుండా ఊరుకుంటే రేపు వాళ్ళమ్మలకి నేనేం చెప్పుకోను?"

నేను కాళ్ళు వదల్లేదు. ఆవిడే నా వేళ్ళు ఒక్కొక్కటీ విడదీసి లేచారు. తలుపు దగ్గర ఆగి, "నన్ను తిట్టుకో అమ్మాయ్. తిట్టుకోడానికైనా నువ్వు బతికుండాలి" అన్నారు.

తిట్టుకున్నాను. మా నాన్నతో రైలెక్కి తెనాలి చేరేదాకా తిట్టుకున్నాను. ఆ తర్వాత కూడా చాలా రోజులు.

భోజనాల దగ్గర ఆవిడ నా పేరు చెప్పలేదట. చెప్పాల్సిన పనేముంది, నా మంచం ఖాళీగా ఉంది కదా. ఇది మందున్న జబ్బు, దాస్తేనే ప్రమాదం, రేపు పొద్దున వ్యాన్ వస్తుంది, మేడ మీద గదిలోవాళ్ళూ దగ్గుతున్నవాళ్ళూ అందరూ నాతో ఆసుపత్రికి రావాలి అన్నారట. సాయంత్రానికి పిల్లలు ఇళ్ళకి ఫోన్లు చేసుకున్నారు. తెల్లారేసరికి గేటు దగ్గర అమ్మానాన్నలు. టీబీ హాస్టల్లో మా పిల్లల్ని పెట్టారా అని ఒకటే కేకలు. ప్రిన్సిపల్ గారు మేడమ్ వైపు చెయ్యి చూపించి ఆవిడనే అడగండని లోపలికి వెళ్ళిపోయారట. వ్యాన్ కదిలేసరికి సగం సీట్లు ఖాళీ.

రేపల్లె పిల్లని వాళ్ళ నాన్న మొదటి బస్సుకే వచ్చి తీసుకెళ్ళిపోయాడు. మేడమ్ గేటు దాకా వెంటపడి, ఆ పిల్ల దగ్గు తన చెవులతో విన్నాననీ, పోయే దారిలోనైనా చూపించమనీ అడిగారట. ఆయన మర్యాదగానే, "మా ఇంటా వంటా ఆ జబ్బు లేదండి" అని, కూతురి భుజం మీద చెయ్యివేసి రోడ్డు దాటించాడట. ఆ పిల్ల వెనక్కి తిరిగి చూసిందో లేదో మేడమ్ ఎప్పుడూ చెప్పలేదు.

వ్యాన్లో వెళ్ళినవాళ్ళలో ఒక పిల్లకి జబ్బు బయటపడింది. మా గదిలోని చీరాల పిల్లే. తొలి దశ. మందులు వాడింది, తగ్గిపోయింది. ఇప్పుడూ చీరాలలోనే ఉంటుంది, ఇద్దరు పిల్లలు.

తర్వాత జరిగింది నాకు మేడమ్ చెప్పిందే. ఆవిడ సెలవు రోజున బాపట్లలో బస్సెక్కి చెరుకుపల్లి మీదుగా రేపల్లె వెళ్ళేవారు. వచ్చేటప్పుడు అటు నుంచి పాసింజర్‌లో తెనాలి వచ్చి, మా ఇంట్లో కాసేపు కూర్చుని, మళ్ళీ బాపట్ల రైలెక్కేవారు. మా ఇంటికి రావడం నేను మందులు మింగుతున్నానో లేదో చూడటానికి. మూత్రం ఎర్రగా వస్తే భయపడకు, మందు రంగు అంతే అని ముందే చెప్పింది ఆవిడే. నేను మాత్రం గోడవైపు తిరిగి పడుకునేదాన్ని. మాట్లాడేదాన్ని కాదు. మా అమ్మ కాఫీ ఇస్తే తాగుతూ, నా వీపుకి చెబుతున్నట్టు అంతా చెప్పేవారు.

మొదటిసారి వెళ్ళినప్పుడు వాళ్ళ నాన్న కూర్చోబెట్టి కాఫీ ఇప్పించాడట. అమ్మాయి మేనత్తగారింటికి వెళ్ళిందండి, జంపనిలో ఉందండి అన్నాడట. ఆ మాట అంటుండగానే లోపలి గదిలోంచి దగ్గు వినిపించింది. ఇద్దరూ విన్నారు. ఆయన లేచి టీవీ సౌండ్ పెంచాడు. వాళ్ళ అమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి నేల చూస్తోందట.

ఇంకోసారి తలుపు తియ్యలేదు. ఎదురింటి అరుగు మీద ఎండలో గొడుగు వేసుకుని రైలు వేళదాకా కూర్చున్నారు. టీబీ ఆసుపత్రివాళ్ళకి చెబితే వాళ్ళొక మనిషిని పంపారు. ఆ మనిషినీ వీధిలోంచే పంపించేశారు. ఆ తర్వాతిసారి వాళ్ళ నాన్న కొట్టు దగ్గరే ఆపేశాడట. మా పెద్దమ్మాయికి సంబంధం కుదిరిందండి, మీరిలా వారం వారం వస్తుంటే వీధిలో ఏమనుకుంటారు, మేం మీకేం అపకారం చేశాం అని అడిగాడట. చేతులు జోడించి అడిగాడట. ఆయన కోప్పడితే నాకు బాగుండేదే, చేతులు జోడిస్తే నేనేం మాట్లాడను అన్నారు మేడమ్. ఆ రోజు కాఫీ తాగలేదు.

ఈలోగా ఆవిడని వార్డెన్ పని నుంచి తప్పించారు. స్టాఫ్ రూంలో పక్కన కూర్చునేవాళ్ళు లేరు. పిల్లల్ని బెదరగొట్టి హాస్టల్ ఖాళీ చేయించిందని పేరు. ఆ సంగతి మాకు చీరాల పిల్ల వాళ్ళమ్మ చెప్పింది. మేడమ్ చెప్పలేదు.

నేను ఆవిడతో మళ్ళీ మాట్లాడింది ఎప్పుడో చెబుతాను. ఒక రోజు రేపల్లె నుంచి ఫోన్ వచ్చిందని, వారం మధ్యలో, కాలేజీకి సెలవు పెట్టి తెనాలి వచ్చారు. రేపల్లె పిల్ల వాళ్ళమ్మ పక్కింటి ఫోన్‌లోంచి చేసిందట. ఆయన సరుకు కోసం గుంటూరు వెళ్ళాడు, రేపల్లె ఆసుపత్రిలో అందరూ ఎరిగినవాళ్ళే, పాసింజర్‌లో తెనాలి తీసుకొస్తాను, మీరు ఉంటారా అని అడిగిందట. నేను లేచి కూర్చుని నేనూ స్టేషన్‌కి వస్తానన్నాను. మేడమ్ ఒక్క క్షణం నా మొహంలోకి చూసి చెప్పులేసుకోమన్నారు.

రైలు దిగిన మనిషిని నేను గుర్తుపట్టలేదు. చేతులు అంత సన్నగా అయిపోయాయి. తనే నన్ను చూసి నవ్వింది. నువ్వు లావయ్యావే అంది. నిజమే, మందులు పనిచేసి నాకు ఒళ్ళు వచ్చింది. ఆ మాటకి నాకు సిగ్గేసింది. మందులు చేదా అని అడిగింది. అరటిపండులో పెట్టుకుని మింగెయ్, తెలియదు అన్నాను.

ఫుట్‌బ్రిడ్జి మెట్లు సగం ఎక్కి ఇక వల్ల కాదని కూలబడింది. మేడమ్ గంజి చీరతో ఆ మెట్ల మీదే తన పక్కన కూర్చున్నారు. ఈసారి కొంగు ముక్కుకి చుట్టుకుని, ఆ పిల్ల మొహానికి కూడా చేతిరుమాలు కట్టారు. జనం మమ్మల్ని తప్పుకుంటూ ఎక్కుతున్నారు, దిగుతున్నారు. అప్పుడు రేపల్లె పిల్ల రుమాలులోంచే నన్ను అడిగింది.

"నీ నుంచి నాకొచ్చిందా, నా నుంచి నీకొచ్చిందా?"

మేడమ్ అందుకున్నారు. "అది తేల్చుకోడానికి రాలేదు మనం. అలుపు తీరిందా? పద."

తెనాలి ఆసుపత్రిలో డాక్టరు ఛాతీ ఫోటో వెలుతురుకి పట్టుకుని చూశాడు. రెండు వైపులా పాకింది, గుంటూరులో చేర్చాలి అన్నాడు. వాళ్ళమ్మ మా ఆయన్ని అడగాలండి అంది. మేడమ్ తన ఫోన్‌లోంచి ఆయనకి చేశారు. "మీరు నన్నెన్నైనా అనండి. తర్వాత అనండి. ఇప్పుడు మీ అమ్మాయి దగ్గరికి రండి." అంతే మాట్లాడారు. ఆయన వచ్చాడు. ఫోటో చూపించి డాక్టరు చెబుతుంటే గోడకి ఆనుకుని అలాగే జారి కింద కూర్చున్నాడు. ఆయన చెడ్డవాడని నేను ఇప్పటికీ అనను. కూతురి కోసమే అన్నీ దాచాననుకున్నాడు.

గుంటూరులో కొన్ని వారాలు పోరాడింది. వేసవి రాకముందే పోయింది.

ఆ కబురు నాకు చెప్పడానికి మేడమ్ స్వయంగా వచ్చారు. మా ఇంటి వరండాలో కూర్చుని, ఎప్పుడూ ఏడవని మనిషి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చారు. నేను నోరు మూసుకుని ఉంటే ఆ పిల్ల హాస్టల్లోనే ఉండేదేమో, ఒక్కొక్కళ్ళనీ మెల్లిగా, ఎవరికీ తెలియకుండా తీసుకెళ్ళి చూపించేదాన్నేమో, నేను గబగబా చెప్పేసి తరిమేశాను అన్నారు. చెప్పకపోతే చీరాల పిల్ల ఏమయ్యేది? చెప్పినందుకే కదా రేపల్లె పిల్ల వెళ్ళిపోయింది? ఈ రెండు ప్రశ్నలూ ఆ రోజు నుంచి ఇవాళ్టిదాకా నాతోనే ఉన్నాయి. ఆవిడా వాటితోనే పోయారు.

నా తెమడ పరీక్షలో ఇక ఏమీ లేదని తేలాక, ఇక ఎవరికీ అంటదని డాక్టరు చెప్పాక, నేను కాలేజీకి వెళ్ళనన్నాను. మేడమ్ వచ్చి నా పెట్టె తనే సర్దారు. వార్డెన్ కాకపోయినా ప్రిన్సిపల్ గదిలో కూర్చుని, ఈ పిల్లకి హాస్టల్లో చోటిచ్చేదాకా లేవనన్నారట. ఇచ్చారు. భోజనాల హాల్లో నేను కూర్చుంటే ఆ బల్ల దగ్గరి పిల్లలు కంచాలు తీసుకుని అవతలికి జరిగారు. అన్నం కలుపుతూ నా కంచంలోకే చూస్తూ కూర్చున్నాను. మేడమ్ ఎక్కడి నుంచి వచ్చారో, కంచం తెచ్చుకుని నా పక్కన కూర్చున్నారు. నా కంచంలోంచి గోంగూర పచ్చడి వేలితో తీసి తన అన్నంలో కలుపుకుని, ఉప్పెక్కువైందని వంటామెని తిట్టారు. ఆ ఏడాదంతా ఇంటి భోజనం మానేసి మధ్యాహ్నం అక్కడే తిన్నారు. ఉప్పు ఎక్కువైనా, తక్కువైనా.

తర్వాత కొన్నేళ్ళకి ఆ కాలేజీలో చేరేటప్పుడే పిల్లలకి టీబీ పరీక్షలు చేయించడం మొదలుపెట్టారు. మేడ మీది గదిలో మేకులు పీకేసి కిటికీలకి దోమల జాలీ కొట్టించారు. ఎవరు చేయించారని అడిగితే మేనేజ్‌మెంట్ అంటారు. అననీ. కరోనా తర్వాత హాస్టల్ మళ్ళీ తెరిచేటప్పుడు, అప్పటికి రిటైరై ఇంట్లో ఉన్న ఆవిడకి కొత్త ప్రిన్సిపల్ ఫోన్ చేసి ఏమేం జాగ్రత్తలు తీసుకోమంటారని అడిగింది. నేను ఆ రోజు అక్కడే ఉన్నాను. శానిటైజర్లూ మాస్కులూ అన్నీ ఆ ప్రిన్సిపలే ఏకరువు పెడుతుంటే మేడమ్ ఓపిగ్గా విని, "అవన్నీ సరేనమ్మా. ముందు జ్వరమొస్తే ఇంటికి పంపేస్తామని బెదిరించడం మానండి. పరీక్ష పోదని చెప్పండి. అప్పుడు దగ్గు వాళ్ళే చూపిస్తారు. దాచుకోరు" అన్నారు.

ఆ పిల్ల పోయాక ఆవిడ మళ్ళీ రేపల్లె వెళ్ళలేదు. ఏ మొహం పెట్టుకుని వెళ్ళను అనేవారు.

గురువారం మధ్యాహ్నం నేను చేరేసరికి వరండాలో పడుకోబెట్టారు. గంజి చీరే కట్టారు. పాత విద్యార్థులు కొందరు, కాలేజీవాళ్ళు కొందరు వచ్చారు. వాళ్ళకి కాస్త ఎడంగా, స్తంభం పక్కన, ఒకావిడ ఒంటరిగా కూర్చుని ఉంది. తల పూర్తిగా నెరిసింది. మేడమ్ చెల్లెలు నా దగ్గరికొచ్చి, ఆవిడెవరో నాకు సరిగ్గా తెలియదమ్మా, ఏడాదికోసారి ఫోన్ చేసేది, అక్క తలుపేసుకుని మాట్లాడేది, అందుకే కబురు చేశాను అంది. నేను చూడగానే గుర్తుపట్టాను. రేపల్లె పిల్ల వాళ్ళమ్మ.

అన్నీ అయ్యాక ఆవిడని బస్టాండ్ దాకా దిగబెడతానని నేనే వెంట వెళ్ళాను. సిమెంటు బెంచీ మీద పక్కపక్కనే కూర్చున్నాం. ఆయన పోయి నాలుగేళ్ళయిందని చెప్పింది. పెద్దమ్మాయి దగ్గర ఉంటున్నానంది. నా వైపు తిరిగింది.

"నీకిప్పుడు బాగుందా అమ్మా? ఊపిరి సరిగ్గా ఆడుతోందా?"

బాగుందండీ అన్నాను.

ఆవిడ చెయ్యి చాచి, అరచేయి నా వీపు మీద, రెండు భుజాల మధ్య ఆనించింది. "పీల్చు" అంది.

పీల్చాను. వదిలాను. మళ్ళీ పీల్చాను. రేపల్లె బస్సు వచ్చి ఎదురుగా ఆగింది. కండక్టర్ దిగి చెరుకుపల్లి, రేపల్లె అని పిలుస్తున్నాడు. జనం సంచులతో ఎక్కుతున్నారు. ఆవిడ బస్సు వైపు చూడలేదు. కళ్ళు మూసుకుని, నా ఊపిరితో పాటు పైకి లేస్తూ కిందికి దిగుతూ ఉన్న ఆ చెయ్యి తియ్యకుండా అలాగే కూర్చుంది.